కాగితం అడగడం అమర్యాద కాదు

ఆత్రేయపురం నుంచి గల్ఫ్‌కో అమెరికాకో మనిషి బయల్దేరుతున్నాడంటే ఆ ఇంట్లో నెల రోజులు తీరిక ఉండదు. బట్టలు కొనాలి, ఆవకాయ ప్యాక్ చేయించాలి, పూతరేకులు నలగకుండా డబ్బాల్లో సర్దాలి. వాడపల్లి వెంకన్నకు మొక్కుకున్న ఏడు శనివారాలు పూర్తి చేయాలి. అప్పిచ్చినవాళ్ళకు నోటు రాసివ్వాలి. ఇన్ని పనులూ గుర్తుంటాయి. చాలా ఇళ్ళలో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. అక్కడ మనకు పని ఇస్తానంటున్న మనిషికి మనల్ని పనిలో పెట్టుకునే అనుమతి ఉందా? మన పేరున అతను చేయించాల్సిన కాగితాలు చేయిస్తాడా?

ఈ అధ్యాయం ఆ ప్రశ్న గురించే. దాన్ని ఎవరిని అడగాలో, ఎప్పుడు అడగాలో, మర్యాద తప్పకుండా ఎలా అడగాలో ఇందులో చూద్దాం. అడగడం అలవాటైతే ఏజెంటు ముందూ యజమాని ముందూ మీరు నిలబడే తీరే మారిపోతుంది.

చట్టం బరువు పెట్టింది ఎవరి మీద?

పరాయి దేశపు మనిషిని పనిలో పెట్టుకునేటప్పుడు అతనికి అక్కడ ఉండే అనుమతి, ఆ పని చేసే అనుమతి ఉన్నాయో లేదో చూసుకోవాల్సింది యజమానే. మనవాళ్ళు వెళ్ళే దేశాల చట్టాలన్నీ ఈ మాటే చెబుతున్నాయి.

అమెరికాలో 1986 నవంబరు 6న వచ్చిన వలస సంస్కరణల చట్టం ఈ బాధ్యతను యజమాని మీద పెట్టింది. అప్పటినుంచి అక్కడ ఎవరిని పనిలోకి తీసుకున్నా ఐ-9 అనే ఫారం నింపాలి. పౌరుడికీ, వలస వచ్చినవాడికీ అదే నియమం. చేరిన రోజున ఉద్యోగి తన భాగం నింపితే, మూడు పనిదినాల్లోగా యజమాని అతని కాగితాలు చూసి సంతకం చేయాలి. బ్రిటన్‌లో అనుమతి లేని మనిషిని పెట్టుకున్న యజమానికి 2024 ఫిబ్రవరి 13 నుంచి మొదటిసారి ఒక్కో మనిషికి 45,000 పౌండ్ల దాకా జరిమానా పడుతుంది. మళ్ళీ అదే తప్పు చేస్తే అది 60,000 దాకా వెళుతుంది. ఎమిరేట్స్‌లో 2024లో సవరించిన కార్మిక చట్టం ప్రకారం వర్క్ పర్మిట్ లేని మనిషి చేత పని చేయించుకుంటే లక్ష దిర్హమ్‌ల నుంచి పది లక్షల దిర్హమ్‌ల వరకు జరిమానా.

కువైట్‌లో 2025 జనవరి 5 నుంచి విదేశీయుల నివాసం మీద కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. వీసాలూ అకామాలూ (అక్కడ ఉండే అనుమతులు) డబ్బుకు అమ్ముకునేవాళ్ళకు అందులో 3 నుంచి 5 ఏళ్ళ జైలు, 5,000 నుంచి 10,000 దినార్ల జరిమానా ఉన్నాయి. ఒక పనికని రప్పించి వేరే పని చేయించినా, తన దగ్గరి మనిషిని అనుమతి లేకుండా ఇంకొకరి దగ్గరికి పంపినా తప్పు కఫీల్‌దే, అంటే వీసా ఇప్పించిన యజమానిదే.

చట్టాలు ఇంత గట్టిగా ఉన్నాయి కదా, మనకేం భయం అనిపించవచ్చు. ఒకసారి కాలువ మీది లొల్ల లాకుల దగ్గర నిలబడి ఆలోచించండి. తలుపు ఎత్తాల్సింది ఎగువన ఉన్న మనిషి. అతను ఎత్తకపోతే ఎండేది దిగువన ఉన్న చేను. యజమాని తన పని తాను చేయకపోతే అతనికి జరిమానా పడవచ్చు, పడకపోవచ్చు. కానీ వీధిలో పోలీసులు ఆపేది కార్మికుణ్ణి. జైలుకు వెళ్ళేదీ, వేలిముద్రలిచ్చి తిరుగు విమానం ఎక్కేదీ కార్మికుడే. ఊళ్ళో వడ్డీ కట్టుకోవాల్సిందీ అతని ఇంటివాళ్ళే.

అందుకే చట్టం యజమాని మీద పెట్టిన బాధ్యత నెరవేరుతోందో లేదో కనిపెట్టుకుని ఉండాల్సింది మనమే. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా ఆ పని ఎలా చేయాలన్నదే.

మనిషి ఖల్లివల్లి ఎలా అవుతాడు?

కోనసీమ నుంచీ, అవతల నరసాపురం, పాలకొల్లు వైపు నుంచీ గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళలో ఎక్కువమంది ఇంటి పనికి వెళతారు. కువైట్‌లో దానికి 20వ నంబరు వీసా ఇస్తారు. మనవాళ్ళు ఖాదిం వీసా అనేది దాన్నే. కంపెనీ పనికి ఇచ్చేది 18వ నంబరు, అదే షూన్ వీసా. ఏ వీసా అయినా దాని మీద ఒక కఫీల్ పేరు ఉంటుంది. అక్కడ దిగాక మెడికల్ చేయించాలి, వేలిముద్రలు ఇప్పించాలి, అకామా కొట్టించాలి, గడువు తీరకముందే దాన్ని పొడిగించాలి. ఇవన్నీ కఫీల్ పనులు.

ఈ వరుసలో ఎక్కడ తెగినా మనిషి ఖల్లివల్లి అయిపోతాడు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళందరికీ ఈ మాట తెలుసు. అకామా లేని మనిషి అని దానర్థం. అలా తెగేది సాధారణంగా నాలుగు చోట్ల.

మొదటిది విజిట్ వీసా. "ముందు దీని మీద వెళ్ళిపో, అక్కడ దిగాక మార్పిస్తాం" అంటారు. మార్పించడం కుదరకపోతే నెలో రెండు నెలలో గడువు తీరి, ఏ పనికీ అనుమతి లేని మనిషిగా మిగిలిపోతారు.

రెండోది ఆజాద్ వీసా. ఇందులో కఫీల్ దగ్గర పని ఉండదు. అతను వీసా అమ్ముకుంటాడు. కొనుక్కున్నవాడు బయట ఎక్కడైనా పని వెతుక్కుంటాడు, అకామా తిరగరాయించిన ప్రతిసారీ ఆ కఫీల్‌కు డబ్బు కడతాడు. ఏ గల్ఫ్ దేశపు చట్టంలోనూ ఆజాద్ అనే వీసా లేదు. కాగితం మీద ఒక యజమాని, పని మరో చోట. తనిఖీ జరిగిన రోజున ఆ ఇద్దరిలో ఒక్కరూ "ఈ మనిషి నా దగ్గర పనిచేస్తున్నాడు" అని ముందుకు రారు.

మూడోది కఫీల్ నిర్లక్ష్యం. అకామా గడువు తీరిపోతుంది, అతను పట్టించుకోడు. పనిచేసే మనిషికి ఆ తేదీ ఎప్పుడో కూడా తెలియదు.

నాలుగోది అన్నిటికంటే బాధాకరమైనది. జీతం ఇవ్వరు, కొడతారు, సరిగా నిద్రపోనివ్వరు. తట్టుకోలేక ఆ మనిషి ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. కఫీల్ వెళ్ళి "మా పనిమనిషి పారిపోయింది" అని రాయించేస్తాడు. తప్పు చేసినవాడి మాట రికార్డుకెక్కుతుంది. అన్యాయానికి గురైన మనిషి చట్టం దృష్టిలో దోషి అయిపోతుంది.

ఖల్లివల్లి అయ్యాక జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్ళాలన్నా భయం. సొంత పేరున సిమ్ కార్డు తీసుకోవడం కష్టం, బ్యాంకులో డబ్బు వేయడం కష్టం. ఎవరైనా జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి నోరు రాదు. ఇంట్లో చావైనా పెళ్ళైనా రావడానికి వీలుండదు. అనుమతి లేని మనిషిని పెట్టుకునే యజమానికి కావలసింది కూడా ఇదే, తక్కువ జీతానికి నోరెత్తకుండా పనిచేసే మనిషి.

అప్పుడప్పుడు ఆ దేశాలు క్షమాభిక్ష ప్రకటిస్తాయి. కువైట్ 2018లో జనవరి 29 నుంచి ఏప్రిల్ 22 వరకు, 2024లో మార్చి 17 నుంచి జూన్ నెలాఖరు వరకు గడువు ఇచ్చింది. ఎమిరేట్స్ 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు ఇచ్చింది. అలాంటి గడువు వస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా వాడుకోవాలి. కానీ ఎప్పుడో క్షమాభిక్ష వస్తుందిలే అని బతుకు నెట్టుకురావడం తప్పు. ప్రభుత్వం ఎప్పుడు దయ చూపుతుందో ఎవరికీ తెలియదు. మీ అకామా గడువు తేదీ మాత్రం మీకు ముందే తెలుసు.

నోరు కట్టేసేది మొహమాటం

ఇవన్నీ తెలిసినవాళ్ళు కూడా అడగరు. ఎందుకు? మన గోదావరి జిల్లాల్లో మర్యాదకు పెద్దపీట. ఇంటికి వచ్చిన మనిషికి మజ్జిగైనా ఇవ్వకుండా పంపం. వీసా తెచ్చి పెట్టేది చాలాసార్లు పరాయివాడు కాదు. వరసకు బాబాయి అవుతాడు, లేదా పక్క వీధి అక్క అప్పటికే కువైట్‌లో ఉండి "నేను పిలిపిస్తాలే" అని మాటిస్తుంది. వాళ్ళను కాగితం చూపించమంటే నమ్మకం లేదనుకుంటారని భయం. వీసా చేజారిపోతుందని ఇంకో భయం. చదువు తక్కువ కదా, అడిగితే నవ్వుతారేమోనని మరో భయం.

ఈ మూడు భయాలకూ మందు ఒకటే. ప్రశ్నను మనిషి మీద పెట్టకండి, కాగితం మీద పెట్టండి. "మీరు మోసం చేస్తున్నారా?" అంటే మనిషికి కోపం వస్తుంది. "వీసా కాపీ ఒకటి ఇవ్వండి బాబాయ్, మా తమ్ముడు చూసుకుంటాడట" అంటే నిజాయితీ ఉన్న మనిషికి కోపం రాదు. బ్యాంకులో అప్పు తీసుకుంటే పొలం కాగితాలు అడుగుతారు. అక్కడ ఎవరూ నొచ్చుకోరు. రెండు మూడేళ్ళ బతుకు తాకట్టు పెట్టి వెళ్ళే మనిషి కాగితం అడిగితే నొచ్చుకోవాల్సిన పనేముంది?

కాపీ అడిగితే చిరాకు పడి, "నమ్మకం లేకపోతే మానెయ్" అన్నారంటే మీకు కావలసిన జవాబు దొరికినట్టే. ఆ జవాబు ఇక్కడే, ఇంటి అరుగు మీద కూర్చుని వినడం మీ అదృష్టం.

బయల్దేరకముందు అడగవలసిన అయిదు ప్రశ్నలు

ఒకటి. "మీ లైసెన్సు నంబరు చెప్తారా అండీ?" విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర నమోదు కావాలి. నమోదైన ఏజెంట్ల పేర్లు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటాయి. ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంటు ఎంత మంచివాడైనా లైసెన్సు లేకుండా మనుషులను పంపే హక్కు అతనికి లేదు. అతని వెనక ఉన్న అసలు ఏజెంటు ఎవరో కనుక్కోండి.

రెండు. "ఇది ఏ వీసా? మీద ఏ పని అని రాసుంది?" వీసా కాగితం అరబ్బీలో ఉంటే చదవగలిగేవాళ్ళ చేత చదివించండి. పనికి వెళుతూ విజిట్ వీసా పట్టుకున్నారంటే ఆ ప్రయాణం మానుకోండి.

మూడు. "ఒప్పందంలో ఉన్న యజమాని, వీసా మీద ఉన్న యజమాని ఒకరేనా?" పేర్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. జీతం ఎంత, పని గంటలెన్ని, సెలవెప్పుడు, తిరుగు టికెట్టు ఎవరిది అన్నవి కాగితం మీద ఉండాలి. నోటిమాటగా ఒప్పుకున్న జీతానికి అక్కడ విలువ ఉండదు.

నాలుగు. "ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకున్నారా?" పదో తరగతి పాసవ్వనివాళ్ళ పాస్‌పోర్టు సాధారణంగా ఇసిఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన) కోవలోకి వస్తుంది. అలాంటివాళ్ళు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ఈ క్లియరెన్స్ తప్పనిసరి. ఇసిఆర్ పాస్‌పోర్టుతో ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి. 2016 నుంచి వాళ్ళను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నిబంధన ఉంది. మన రాష్ట్రంలో ఆ పని చూసేది ఓంక్యాప్. ఈ దారి ఆలస్యమని చాలామంది తప్పించుకుంటారు. కానీ ఆ దారిలో వెళితే మీ యజమాని ఎవరో, ఒప్పందంలో ఏముందో మన ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది. తప్పించుకుని వెళితే మీరు అక్కడున్న సంగతే ఎవరికీ తెలియదు.

అయిదు. "ఎంత తీసుకుంటున్నారు? రసీదు ఇస్తారా?" నమోదైన ఏజెంటు వసూలు చేయగల సేవారుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే దేనికో చెప్పమనండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ కూడా చేయించుకోండి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్ళకు 10 లక్షలు అందుతాయి.

ఈ అయిదు ప్రశ్నలకూ జవాబులు ఒక నోటు పుస్తకంలో రాసి, ఆ పుస్తకం ఇంట్లోనే ఉంచి వెళ్ళండి.

దిగాక మొదటి నెల

మొదటి నెలలో చేసుకున్న జాగ్రత్తలే తర్వాత రెండేళ్ళూ కాపాడతాయి. పాస్‌పోర్టు ప్రతి పేజీనీ, వీసాను, ఒప్పందాన్ని ఫోటోలు తీసి ఇంటికి పంపండి. కఫీల్ పేరు, ఇంటి చిరునామా, అతని ఫోన్ నంబరు కూడా పంపండి. అకామా వచ్చిన రోజున గడువు తేదీ చూసుకుని ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. ఊళ్ళో అమ్మో భర్తో గోడ క్యాలెండరు మీద అదే తేదీని ఎర్రసిరాతో రాసి పెట్టాలి. గడువుకు రెండు నెలల ముందే అడగడం మొదలుపెట్టాలి. "మేడం, నా అకామా ఫలానా తేదీకి అయిపోతుంది, ఎప్పుడు కొట్టిస్తారు?" ఈ ఒక్క వాక్యం అరబ్బీలో ఎలా అడగాలో పాతవాళ్ళ దగ్గర నేర్చుకోండి. బేరమాడే మాటలకన్నా ముందు నేర్చుకోవలసింది ఇది.

కఫీల్ చెప్పిన మాటతో సరిపెట్టుకోవద్దు. కువైట్‌లో సహెల్, సౌదీలో అబ్షర్, ఖతర్‌లో మెట్రాష్ అనే ప్రభుత్వ యాప్‌లున్నాయి. మీ కాగితం ఏ స్థితిలో ఉందో వాటిలో చూసుకోవచ్చు. మీకు రాకపోతే స్నేహితుల చేత చూపించుకోండి.

పాస్‌పోర్టు సంగతి. భారత పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. 1967 నాటి పాస్‌పోర్టు చట్టంలోనే ఆ మాట ఉంది. కువైట్‌లో 2015లో వచ్చిన ఇంటిపనివారి చట్టం (68వ నంబరు) కూడా యజమాని దాన్ని తన దగ్గర దాచుకోకూడదంటోంది. పని రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికో రోజు సెలవు ఉండాలి, ఏడాది నిండాక 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి, జీతం ఏ నెలకానెల ముట్టాలి అని అదే చట్టం చెబుతోంది. అడిగిన వెంటనే ఇవన్నీ దొరక్కపోవచ్చు. కానీ ఇవి తన హక్కులని తెలిసిన మనిషి, యజమాని చూపించే దయకోసం ఎదురుచూసే మనిషిలా మాట్లాడదు. ఆ తేడా ఎదుటివాళ్ళకూ కనిపిస్తుంది.

దారి తప్పితే

కొట్టినా, తిండి పెట్టకపోయినా, ఒంటి మీద చెయ్యి వేసినా ఆ ఇంట్లో ఉండవలసిన అవసరం లేదు. ప్రాణమూ గౌరవమూ ముందు, అకామా తర్వాత. అయితే బయటికి వచ్చాక ఎక్కడికి వెళుతున్నామన్నదే అసలు ప్రశ్న. తెలిసినవాళ్ళ గదికి వెళ్ళి, మర్నాటినుంచి వేరే ఇంట్లో పనికి కుదిరితే కఫీల్ రాయించిన పారిపోయారన్న మాట నిజమైపోతుంది. నేరుగా భారత రాయబార కార్యాలయానికి వెళ్ళండి. కష్టంలో ఉన్నవాళ్ళకు టికెట్టుకూ, న్యాయ సహాయానికీ, తాత్కాలికంగా తలదాచుకోవడానికీ వాళ్ళ దగ్గర భారత ప్రవాసుల సంక్షేమ నిధి ఉంది. జీతం ఎగ్గొట్టారనీ అకామా కొట్టించలేదనీ ఆ దేశపు కార్మిక శాఖలో ఫిర్యాదు రాయించండి. కఫీల్ కంటే ముందు మీ మాట రికార్డుకెక్కాలి.

ఇంటిదగ్గర ఉన్నవాళ్ళు ఏడుస్తూ ఏజెంటు ఇంటి చుట్టూ తిరగడంతో సరిపెట్టుకోవద్దు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. ప్రవాసీ సహాయ కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090. ప్రవాసాంధ్రుల కోసం తాడేపల్లిలో ఉన్న ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి కూడా తెలియజేయండి. వాళ్ళు అడిగేవి పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, కఫీల్ పేరు, చిరునామా. ఇంట్లో ఉంచి వెళ్ళమన్న ఆ నోటు పుస్తకం, ఫోన్‌లోని ఫోటోలు అక్కరకొచ్చేది అప్పుడే.

చదువుకున్న పిల్లలకూ ఇదే పాఠం

అమెరికా వెళ్ళే మన పిల్లలకు ఇంగ్లీషు వచ్చు, కంప్యూటరు వచ్చు. మొహమాటం మాత్రం వాళ్ళకూ ఉంది. కన్సల్టెన్సీ వాళ్ళు "అంతా మేం చూసుకుంటాం" అంటే నమ్మేస్తారు.

హెచ్-1బి మీద పనిచేసే ప్రతి ఉద్యోగికీ తన ఎల్‌సీఏ (యజమాని కార్మిక శాఖకు ఇచ్చిన దరఖాస్తు) కాపీ పొందే హక్కు ఉంది. అందులో జీతమూ, పనిచేసే చోటూ ఉంటాయి. ప్రాజెక్టు లేదని ఇంట్లో కూర్చోబెట్టిన రోజులకు కూడా యజమాని జీతం ఇవ్వాలి. ఐ-797 (పిటిషన్ ఆమోదపు నోటీసు) కాపీ అడిగి తీసుకోండి, అందులోని రసీదు నంబరుతో ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులో మీరే చూసుకోండి. ఆ దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 తేదీ సరిచూసుకోండి. చదువయ్యాక పనిచేయనిచ్చే స్టెమ్ ఓపీటీ పొడిగింపు మీద ఉన్నవాళ్ళు తమ కంపెనీ ఈ-వెరిఫైలో నమోదై ఉందో లేదో తప్పక కనుక్కోవాలి. నమోదు కాని కంపెనీలో పొడిగింపు చెల్లదు. ఐ-9 నింపేటప్పుడు నియమాల్లో ఉన్న కాగితాల్లో ఏది చూపించాలో ఎంచుకునే హక్కు ఉద్యోగిది. ఫలానా కాగితమే తెమ్మని యజమాని పట్టుబట్టకూడదు.

2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ అనే బూటకపు యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. 2019 జనవరిలో మిచిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ సంగతి తేలింది. ఈ రెండో దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే. రెండింటిలోనూ చిక్కుకున్నవాళ్ళలో మన తెలుగు పిల్లలు చాలామంది. వాళ్ళలో ఎందరికో చేతిలో కాగితాలున్నాయి. ఆ కాగితాల వెనక క్లాసులు లేవు, చదువు లేదు. యజమాని ఆ కాగితం చూసి పనిలో పెట్టుకున్నా అది వాళ్ళను కాపాడలేదు. కాగితం ఉందా అని చూసుకుని ఆగిపోవద్దు. అందులో రాసింది నిజమేనా అని కూడా చూసుకోవాలి.

బ్రిటన్‌కు ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు తమను స్పాన్సర్ చేస్తానన్న సంస్థ లైసెన్సు ఉన్న స్పాన్సర్ల జాబితాలో ఉందో లేదో అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో చూడాలి. ఆ జాబితా ఎవరైనా చూడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. లక్షలు పోసి స్పాన్సర్‌షిప్ కొనుక్కున్నవాళ్ళు ఆ సంస్థ లైసెన్సు రద్దయితే రోడ్డున పడతారు.

మనమే యజమానులమైతే

ఇప్పటిదాకా కార్మికుడి వైపు నిలబడి మాట్లాడుకున్నాం. ఇక అటు నుంచి ఇటు చూద్దాం. మన డెల్టాలో రొయ్యల చెరువుల దగ్గర, ఇటుక బట్టీల్లో, హోటళ్ళలో ఒడిశా, బెంగాల్, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు పనిచేస్తున్నారు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వ్యాపారం పెరిగేకొద్దీ మన ఊళ్ళోనూ పనిచేయించుకునే యజమానులు పెరుగుతారు. కువైట్ కఫీల్ నుంచి మనం ఏం కోరుకుంటామో, మన దగ్గర పనిచేసేవాళ్ళకు అదే మనం ఇవ్వాలి.

ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోండి. ఒడిశా మనిషి పరాయి దేశస్తుడు కాడు, ఈ దేశ పౌరుడు. దేశంలో ఎక్కడికైనా వెళ్ళే హక్కు, ఎక్కడైనా పనిచేసే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణం అతనికి ఇచ్చింది. మాట వేరుగా ఉందనీ, మొహం తెలియదనీ అతన్ని అనుమానించడం తప్పు. నేపాల్ పౌరులు కూడా 1950 నాటి ఒప్పందం వల్ల వీసా లేకుండానే ఇక్కడ పనిచేయవచ్చు. వేరే దేశాలవాళ్ళకైతే సాధారణంగా పనిచేసే వీసా ఉండాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన విదేశీయుల చట్టం ప్రకారం వాళ్ళకు బస ఇచ్చినవాళ్ళు ఆ సంగతి అధికారులకు తెలియజేయాలి.

ఎవరినైనా పనిలో పెట్టుకునేటప్పుడు గుర్తింపు కాగితం చూడండి, కాపీ తీసుకోండి, అసలు కాగితం అప్పటికప్పుడే చేతికి ఇచ్చేయండి. ఆధార్ కార్డు బీరువాలో పెట్టి తాళం వేసే చెరువు యజమానికీ, పాస్‌పోర్టు లాక్కున్న కఫీల్‌కీ తేడా లేదు. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు ద్వారా వచ్చిన ప్రతి వలస కార్మికుడికీ ఫోటోతో కూడిన పాస్‌బుక్ ఇవ్వాలంది. అందులో జీతం, పట్టుకున్న కోతలు అతనికి అర్థమయ్యే భాషలో ఉండాలంది. కొత్త కార్మిక కోడ్‌లు వచ్చినా ఆ పద్ధతి మంచిదే. ఒక చిన్న పుస్తకం పెట్టి, జీతం ఇచ్చిన ప్రతిసారీ రాసి, సంతకం తీసుకోండి. ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించండి. వేరే రాష్ట్రపు రేషన్ కార్డుతో ఇక్కడే బియ్యం తీసుకోవచ్చని చెప్పండి. మన చెల్లెలికి పరాయి దేశంలో ఇవన్నీ ఎవరైనా చేసి పెడితే ఎంత సంతోషిస్తామో గుర్తు తెచ్చుకోండి.

ఈ వారం చేయవలసిన సాధన

ఇంట్లో విదేశంలో ఉన్నవాళ్ళుంటే ఈ ఆదివారం ఫోన్‌లో క్షేమసమాచారాలు అయ్యాక మూడు సంగతులు అడగండి. అకామా లేదా వీసా గడువు ఎప్పుడు? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది? వీసా మీద ఉన్న యజమాని దగ్గరే పని చేస్తున్నారా? జవాబులు రాసి పెట్టండి. ఏ ఒక్క జవాబు తడబడినా ఆ వారంలోనే రాయబార కార్యాలయానికి గానీ సహాయ కేంద్రానికి గానీ ఫోన్ చేయండి.

వెళ్ళబోతున్నవాళ్ళుంటే పైన చెప్పిన అయిదు ప్రశ్నలూ గట్టిగా చదివించండి. ఒకరు ఏజెంటులా, ఒకరు వెళ్ళే మనిషిలా కూర్చుని మాట్లాడి చూడండి. మొదటిసారి గొంతు వణుకుతుంది, నాలుగోసారికి నిలబడుతుంది. ఇంట్లో అమ్మ ముందు నిలబడిన గొంతు ఏజెంటు ముందూ నిలబడుతుంది.

మీరే యజమానులైతే మీ దగ్గర పనిచేసేవాళ్ళ కాగితాలు ఎవరివైనా మీ బీరువాలో ఉన్నాయేమో చూడండి. ఉంటే ఈ రోజే తిరిగి ఇచ్చేయండి.

పని కోసం ఊరు దాటడంలో తప్పు లేదు, సిగ్గు లేదు. గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్ళు ఆ కష్టంతోనే నిలబడ్డాయి, ఎందరో పిల్లలు ఆ డబ్బుతోనే చదువుకున్నారు. అంత కష్టపడే మనిషికి తన కాగితం ఎక్కడుందో, ఎప్పటిదాకా చెల్లుతుందో తెలుసుకునే హక్కు ఉంది. ఆ హక్కును ఎవరో తెచ్చి చేతిలో పెట్టరు. అడిగే తీసుకోవాలి. ఈ వారంలోనే అడగడం మొదలుపెట్టండి.